బాలమ్మ తాగని నూనె

ఆ జీపులో నేను నూనె పోయలేదు. పోశానని చెప్పాను. ఇంజనీరు గారి బల్ల ముందు నిలబడి చెప్పాను, కాగితం మీద సంతకం పెట్టి మరీ చెప్పాను. ఆ తరువాత పదహారేళ్ళు ఎవరూ అడగలేదు, నేనూ ఎత్తలేదు.

మొన్న వానాకాలంలో రాయచూరు జిల్లాకు వెళ్ళి వచ్చాను. అటువైపు వెళ్ళని వాళ్ళకు అక్కడి మనుషుల గురించీ, తిండి గురించీ చెప్పాలని ఉంది. కానీ ఈ సంగతి దాచి తక్కినవి చెబితే అది పాత అబద్ధాన్ని ఇంకోసారి చెప్పినట్టే అవుతుంది. అందుకని ముందు ఇది చెబుతాను.

తుంగభద్ర ఎడమ కాలువ తవ్వే రోజుల్లో సిరవారకు కొంత దూరంలో బండ్ల షెడ్డు ఒకటి ఉండేది. నేను అందులో మెకానిక్కును. జీపు సంగతి తెలియని వాళ్ళకు రెండు మాటలు: మామూలు కారుకు గేరు డబ్బా ఒకటే ఉంటుంది. జీపుకు దాని వెనకే ఇంకో డబ్బా ఉంటుంది. ఇంజను బలాన్ని వెనక చక్రాలకే కాక ముందు చక్రాలకూ పంచేది అదే. ట్రాన్స్‌ఫర్ కేసు అంటారు. బురదలో జీపు నాలుగు కాళ్ళతో పాకడం దాని చలవే. దాని అడుగున ఒక బిరడా ఉంటుంది. విప్పితే పాత నూనె దిగిపోతుంది. మళ్ళీ బిగించి, పక్కన కాస్త ఎత్తులో ఉన్న ఇంకో బిరడా తీసి అందులోంచి కొత్త నూనె పోయాలి.

మా షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. నూనె దించగానే అడుగు బిరడాను తీగకు గుచ్చి స్టీరింగుకు వేలాడదీయాలి. అది వేలాడుతున్నంతసేపూ ఆ బండిని డ్రైవర్లెవరూ ముట్టుకోరు. చదువురాని వాళ్ళకు కూడా అర్థమయ్యే గుర్తు.

ఆ రోజు మధ్యాహ్నం నేను నూనె దించి బిరడా వేలాడదీశాను. ఇంతలో గాలిదుమారం లేచింది. తెరిచిన రంధ్రంలోకి దుమ్ము కొడుతోందని బిరడాను స్టీరింగు మీంచి తీసి కింద బిగించేశాను. కొత్త నూనె తేవడానికి స్టోరుకు వెళ్ళాను. స్టోరు ఆయన భోజనానికి పోయాడు. అక్కడ పేకాట జరుగుతుంటే కూర్చున్నాను. నూనె డబ్బా పట్టుకుని తిరిగొచ్చేసరికి జీపు లేదు. డ్రైవరు నర్సింగప్ప వచ్చి, స్టీరింగుకు ఏమీ వేలాడటం లేదని చూసుకుని, తీసుకుపోయాడు.

దుమారం వెనకే వాన వచ్చింది. కాలువ గట్టు మీద నాలుగు చక్రాలూ వేసుకుని పోతుండగా ఆ ఎండు డబ్బా కీచుమని అరిచి పట్టేసింది. చక్రాలన్నీ ఒక్కసారిగా బిగుసుకుని జీపు జారి, నీళ్ళింకా వదలని కాలువలో పడింది. నర్సింగప్ప ఎడమకాలు విరిగింది. కబురు తెలియగానే నేను చేసిన మొదటి పని, కొత్త నూనెను బండి ఇరుసులకు కందెన కోసం వచ్చే రైతుల కుండల్లో పోసెయ్యడం. ఖాళీ డబ్బా చూపించి, పోశానన్నాను. నర్సింగప్ప బండి సరిగ్గా చూసుకోలేదని తేల్చి అతణ్ణి పనిలోంచి తీసేశారు. నెల తిరక్కుండా నేను తెనాలి వెళ్ళిపోయాను.

రాయచూరు

నా భార్య తమ్ముడు వెంకటరత్నం పదేళ్ళ కిందట కాలువ కింద పొలం కొని సిరవార దగ్గర క్యాంపులో స్థిరపడ్డాడు. కోస్తా నుంచి వెళ్ళిన రైతుల ఊళ్ళను అక్కడ క్యాంపులనే అంటారు. వేలంలో పాత జీపు కొన్నాననీ, అది మూలుగుతోందనీ, ఒకసారి వచ్చి చూడమనీ ఉత్తరం రాశాడు. రెండుసార్లు పనుందని తప్పించుకున్నాను. మూడోసారి మా ఆవిడే పెట్టె సర్దింది.

శుక్రవారం పొద్దున రాయచూరులో దిగాను. రైల్లో గొడుగు మర్చిపోయాను, దిగగానే వాన పట్టుకుంది. స్టేషను ఎదురుగా హోటల్లో టీ పదిహేను పైసలు. మనవైపు కంటే చిక్కన, కానీ సాసరులో పోసి ఇస్తే తప్ప తాగినట్టుండదు వాళ్ళకి. టిఫినుకు మండక్కి తెచ్చాడు. మరమరాలను తడిపి, ఉల్లిపాయ తాలింపు పెట్టి, పైన పుట్నాల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ. మనవైపు బజ్జీ మిరపకాయ కారం ఉండదు. ఆ ధైర్యంతో సగానికి కొరికి నేను పడ్డ అవస్థ చూసి హోటలాయన రెండో టీకి డబ్బు తీసుకోలేదు.

"ఆంధ్రోళ్ళా? కాల్వకు పోతరా?" అన్నాడు.

అవునన్నాను.

"పోండ్రి. నడుమ బస్సు ఆగుతది. పరేషాన్ గావద్దు" అన్నాడు. ఎందుకు ఆగుతుందని అడిగితే, వినబడనట్టు గల్లాపెట్టె వైపు తిరిగాడు.

బస్సు ఆగిన చోటు

శనివారం బస్సులో నా పక్కన గిల్లేసూగూరు అనే ఊరి అవ్వ ఒకావిడ కూర్చుంది. ఒళ్ళో వేరుశెనక్కాయల మూట. సిరవారలో కూతురింటికి పోతోంది. నా పేరు, ఊరు, పిల్లలు, పళ్ళు ఎన్ని ఊడాయో అన్నీ అడిగింది. తిను నాయినా అంటూ కాయలు చేతిలో పోస్తూనే ఉంది. బయట చూస్తే నేను గుర్తుపట్టగలిగింది ఏదీ లేదు. అప్పట్లో తుమ్మచెట్లూ జొన్నచేలూ ఉన్న చోట ఇప్పుడు కనుచూపు మేర వరినాట్లు.

కాలువ గట్టు మలుపులో బస్సు మెల్లగా ఆగింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. కండక్టరు బీడీ పారేశాడు. నలభైమంది ఉన్న బస్సు ఒక్కసారిగా నోరు మూసుకుంది. చంటిపిల్ల ఒకతి ఏడవబోతే తల్లి రొమ్ముకు అదుముకుంది.

"ఏంటవ్వా, చెడిపోయిందా?" అన్నాను.

"సప్పుడు జెయ్యకు" అంది, నా మోకాలు గట్టిగా పట్టుకుని.

కిటికీలోంచి చూశాను. గట్టు వారన మోకాలెత్తు రాయి ఒకటి. మొదట గ్రానైటనుకున్నాను. కాదు, నూనె. పొరలు పొరలుగా గడ్డకట్టి, చినుకులు పడుతుంటే జారిపోతున్న నల్లటి గేరు నూనె. రాయి చుట్టూ గడ్డి మొలవలేదు. డ్రైవరు సీసా మూతతో కొంచెం నూనె తీసుకుపోయి దాని మీద పోశాడు. చెప్పులు విప్పి నిలబడి, తల ఒక పక్కకు వంచి, విన్నాడు. బస్సంతా వింటోంది.

నేనూ విన్నాను. ఎక్కడినుంచో సన్నగా, ఎవరో పళ్ళ బిగువున మూలుగుతున్నట్టు ఒక చప్పుడు. అది తూము సందులోంచి నీళ్ళు దూరే చప్పుడని తరువాత తెలుసుకున్నాను. ఆ క్షణాన తెలియదు.

బస్సు కదిలి అర మైలు పోయాక గానీ అవ్వ మాట్లాడలేదు.

"బాలమ్మ" అంది. "కాల్వ తవ్వనీకి పాలమూరు నుంచి వచ్చిన కూలిది. నొప్పులొచ్చినయ్. సర్కారు జీపు పోతుంటే అడ్డం బడి, దవాఖానకు తీస్కపోమని మొక్కింది. డ్రైవరు ఎక్కించుకోలే. గా డేరలనే నీళ్ళు నీళ్ళనుకుంట సచ్చిపోయింది, కడుపుల బిడ్డతోటి. నాలుగొద్దులకు గదే జీపు గాడికి రాంగనె ఆడమనిషి లెక్క కూతపెట్టింది. చేన్లల్ల ఉన్నోళ్ళంత విన్నరు."

"జీపు అరిచిందా?"

"జీపెందుకు అరుస్తది నాయినా, ఇనుము. ఆమెనె అరిసింది. ఇప్పి జూస్తే లోపల నూనె సుక్క లేదు. పోసినోడు పోసిననె అన్నడు. బిరడ బిర్రుగ బిగించి ఉండె. తొవ్వల ఒక్క సుక్క గారలే. మరి యాడికి పోయిందంటవ్? ఆమెనె తాగింది. దూపకు సచ్చింది గద."

పోసినోడు పోసిననె అన్నడు. ఆ మాట దగ్గర నా చేతిలోని వేరుశెనక్కాయలు కింద జారిపోయాయి. అవ్వ వంగి ఏరి మళ్ళీ నా చేతిలో పోసింది.

క్యాంపులో

వెంకటరత్నం సిరవార బస్టాండుకే జీపు పంపాడు. డ్రైవరు ఈరణ్ణ. నలభై ఏళ్ళవాడు, పెద్ద మీసాలు, మాట మెత్తన. ఊరు దాటి వేగం అందుకోగానే నా కాళ్ళ కింద సన్నటి ఊళ మొదలైంది. వేగం పెరిగే కొద్దీ గొంతు పైకి పోతోంది. ఈరణ్ణ వెంటనే నెమ్మది చేసి, స్టీరింగు వదలకుండానే తల వంచి దండం పెట్టాడు.

"వచ్చింది సార్" అన్నాడు.

ఆ కూత ఏమిటో ఆ జిల్లా మొత్తంలో తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే. నాకే చెమట పట్టింది.

క్యాంపులో అడుగుపెడితే తెనాలి చేలగట్టున ఉన్నట్టే ఉంటుంది. అదే యాస, అదే గోంగూర, వాకిట్లో అవే ముగ్గులు. మూడు పూటలా అన్నమే. పనికొచ్చే కూలీలు మాత్రం జొన్నరొట్టె, శెనగ చట్నీపొడి తెచ్చుకుంటారు. వాళ్ళ రొట్టె ఒకటి అడిగి తిన్నాను. చేత్తో తట్టినదే, అంచు ఎక్కడా చిట్లలేదు. "అన్నం తింటే మీకు ఆకలెట్ల ఆగుతది?" అని ఒకామె నన్ను నిజంగానే జాలిగా అడిగింది.

రాత్రి భోజనం దగ్గర వెంకటరత్నాన్ని రాయి గురించి అడిగాను.

"నేనూ మొదట నవ్వాను బావా" అన్నాడు. "నవ్విన ఏడాదే మా పక్క క్యాంపు వాళ్ళ జీపు అక్కడికి పావు మైలులో పట్టేసి బోల్తాపడింది. ఇద్దరికి నడుములు పోయాయి. అంతకుముందు ఒక ట్రాక్టరు గేరు డబ్బా పగిలింది. ఇప్పుడు నవ్వను. మా పిల్లలు ఆ జీపులోనే బడికి పోతారు."

డబ్బా విప్పిన రోజు

ఆదివారం పొద్దున జీపును కాసేపు తిప్పి వేడెక్కించాను. చల్లగా ఉంటే నూనె దిగదు. పాకలో నిలిపి, చక్రాలకు రాళ్ళు పెట్టి కిందకు దూరాను. ముందు పై బిరడా విప్పాను. అదే పద్ధతి. నూనె పోసే దారి తెరుచుకుంటుందో లేదో చూసుకోకుండా అడుగుది విప్పకూడదు. ఆ రంధ్రంలో చిటికెనవేలు పెడితే నూనె తగలాలి. వేలు మొత్తం దూర్చాను. పొడిగా వచ్చింది. అడుగు బిరడా విప్పితే గరిటెడు బురద కారింది. వేళ్ళ మధ్య రుద్దితే ఇనుప రజను మెరిసింది.

"ఈరణ్ణా, ఇందులో నూనె పోసి ఎన్నాళ్ళయింది?"

"ఉగాదికి నేనే నిండా పోశాను సార్."

చుట్టూ నేల పొడిగా ఉంది. ఎక్కడా కారిన జాడ లేదు. పదహారేళ్ళ కిందట నేను చెప్పిన అబద్ధమే, ఒక్క మాట తేడా లేకుండా, ఇంకొకడి నోట నిజమై వినబడుతోంది.

"మరి ఏమైంది?"

ఈరణ్ణ నా వైపు వింతగా చూశాడు. "ఆమెకి ఇస్తాము గదా" అన్నాడు. "బస్సులవాళ్ళు దాటినప్పుడల్లా ఇస్తారు, మేము ప్రతి మంగళారం. దుకాణం నూనె ఆమెకి పనికిరాదు సార్. ఆ బండి కడుపులోది తీసి ఇవ్వాలి. రెండు మూతలు. కూత పెద్దదైతే నాలుగు."

"తీసినంత మళ్ళీ పోస్తారా?"

"ఛీ, ఇచ్చింది తిరిగి పూడ్చుకుంటారా?"

జీపు కింద పడుకునే లెక్క కట్టాను. నూనె తగ్గితే గేరు పళ్ళు కూస్తాయి. కూస్తే ఆమె అడుగుతోందని ఇంకాస్త తీసి పోస్తారు. ఇంకా కూస్తుంది. ఇంకా పోస్తారు. ఒక రోజు డబ్బా ఎండిపోయి పట్టేస్తుంది. అది ఆమె కోపం. ఆ మలుపు దాటే ప్రతి బండీ, పిల్లలు బడికి పోయే ఈ జీపు కూడా, నేను ఆ మధ్యాహ్నం వదిలేసిన జీపులాగే తయారవుతోంది. మనుషులు తమ చేతుల్తో, భక్తిగా, తయారుచేస్తున్నారు.

కొత్త నూనె పై రంధ్రం అంచు దాకా వచ్చి, ఒక చుక్క బయటకు జారేదాకా పోసి బిగించాను. జీపును పొలం దారిలో రెండు మైళ్ళు తోలాను. ఊళ సగానికి పైగా తగ్గింది. అరిగిన పళ్ళు కనుక మొత్తం పోదు.

"చూశావా? నూనె లేకే అరిచింది" అన్నాను.

ఈరణ్ణ కళ్ళు మెరిశాయి. "తాగి శాంతించింది" అన్నాడు.

నేనేం చేసినా అది ఆమె లెక్కలోకే పోతుందని అప్పుడు తెలిసింది. ఇంజను విద్య పనికిరాదు. నేనేం చేశానో చెప్పాలి. ముందు చెప్పాల్సిన మనిషి బతికే ఉన్నాడా అని అడిగాను.

"నర్సింగప్ప తాతనా? రాయి దగ్గరే ఉంటాడు" అన్నాడు ఈరణ్ణ. "ఆమెని ఎక్కించుకోనిది ఆయనే గదా."

నర్సింగప్ప

సోమవారం నడిచే వెళ్ళాను. దారిలో రేగడి బురద నా చెప్పు ఒకటి మింగేసింది. రెండోది చేత్తో పట్టుకుని, ఒంటికాలి కొంగలా గంతులేస్తూ రాయి దగ్గరికి చేరాను.

నర్సింగప్ప రాయచూరు వాడు, మూడు తరాలుగా ఆ ఊళ్ళో తెలుగు మాట్లాడే కుటుంబం. షెడ్డులో అందరికంటే శుభ్రంగా ఉండేవాడు, రోజూ ఇస్త్రీ చొక్కా. ఇప్పుడు తాటాకు పాక ముందు కూర్చుని రాయి మీద పడ్డ ఆకులు ఏరుతున్నాడు. నాకంటే నాలుగేళ్ళే పెద్ద, చూడటానికి మాత్రం పండు ముసలివాడు. తాత అన్నారంటే ఆశ్చర్యం లేదు.

"ఎవరు? సాంబయ్య మిస్త్రీనా?" అన్నాడు వెంటనే. "కూసో. చెప్పు ఎందుకు సేతుల పట్కున్నవ్? ఆంధ్రల గిట్లనె నడుస్తున్నరా ఇప్పుడు?"

పాకలోంచి చద్ది రొట్టె, పెరుగు తెచ్చి పెట్టాడు. ఆ ప్రమాదం తరువాత ఏ బండీ ఎక్కలేదట. కూతురి పెళ్ళికి రాయచూరు నడిచే పోయాడట, రెండు రోజులు, ఆ కాలితో.

"ఆమె నన్నే పిల్సింది మిస్త్రీ" అన్నాడు. "మొదలు మెల్లగ మూల్గింది. నేను ఇన్న. ఇని గూడ తోల్కపోయిన, మొదటిసారి లెక్కనే. అప్పుడు గట్టిగ అరిసింది. పదారేండ్లాయె. దినాం మాఫ్ జెయ్యమంట. ఆమె ఊకుంటనే లేదు. ఏదో బండిల అరుస్తనె ఉంటది."

రొట్టె పక్కన పెట్టాను. అంతా చెప్పాను. దుమారం, బిరడా, పేకాట, కుండల్లో పోసిన నూనె, సంతకం. ఏదీ వదల్లేదు. అతను మధ్యలో ఒక్కసారే మాట్లాడాడు.

"నేను స్టీరింగ్ జూసిన. బిరడ లేకుండె."

"లేదు. నువ్వు సరిగ్గానే చూశావు."

"మల్ల ఎంక్వైరీల గదే జెప్పిన. ఎవ్వరు నమ్మలే."

"నేనే నమ్మనివ్వలేదు."

రాయి వైపు తిరిగాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"అంటే ఆమె అరువలే" అన్నాడు చివరికి.

"లేదు. పళ్ళు అరిచాయి."

"నేను ఎక్కించుకోంది మాత్రం నిజమే గద. గది నీ కసూర్ గాదు. గది నాది, నాకాడనే ఉంటది." ఆకు ఒకటి ఏరి పక్కన పెట్టాడు. "కాని ఆమెను దెయ్యం జేసింది నువ్వు. గా పిల్ల దూపకు నీళ్ళడిగింది, జీపుల జాగ అడిగింది. నూనె అడగలే. ఎవ్వరి నడుములు ఇర్గగొట్టలే. పదారేండ్ల సంది తల్లులు పిల్లలకు ఆమె పేరు జెప్పి బెదిరిస్తున్నరు. గది నాకు జెప్తె ఏమొస్తది? రేపు మంగళారం. బండ్లన్ని ఆగుతయ్. అందరు ఇంజన్లు బంద్ జేసి ఇంటరు. అప్పుడు జెప్పు."

"కొడతారు."

"కొడ్తరు" అన్నాడు నర్సింగప్ప. "రొట్టె తిను."

మంగళవారం

పదకొండు గంటలకల్లా మలుపులో రెండు బస్సులు, ఆరేడు ట్రాక్టర్లు, ఒక లారీ, మా వెంకటరత్నం జీపు వరసగా నిలబడ్డాయి. డ్రైవర్లు మూతల్లో నూనె పట్టుకుని దిగారు. ఒక్కొక్క ఇంజనే ఆగింది. ఆఖరి లారీ ఆగాక ఆ నిశ్శబ్దం నా మీద కూర్చున్నట్టయింది. వందమంది తలలు ఒక పక్కకు వంచి వింటున్నారు. తూము దగ్గర ఆ సన్నటి మూలుగు. నాకు దాని సంగతి తెలుసు, అయినా ఆమె కూడా వింటోందనిపించింది. ఇప్పుడు రాస్తున్నప్పుడు కూడా కాదని గట్టిగా అనలేను.

నర్సింగప్ప నా చెయ్యి పట్టుకుని రాయి ముందు నిలబెట్టాడు. నేను చెప్పింది ఈరణ్ణ ఒక్కొక్క మాటా కన్నడంలో చెప్పాడు. చెబుతూ చెబుతూ అతని గొంతు మారింది. బిరడా దగ్గర ఒకడు బూతు తిట్టాడు. నడుము విరిగిన వాళ్ళ జీపు సంగతి వచ్చేసరికి వాళ్ళ తాలూకు మనిషి ఒకడు ముందుకొచ్చి నా చొక్కా పట్టుకున్నాడు. నర్సింగప్ప వద్దనలేదు. ఆ మనిషే వదిలేశాడు. తీసినంత నూనె బండ్లలో మళ్ళీ నింపుకోమని చెప్పాను. కొందరు మూతల వైపు చూసుకున్నారు. కొందరు అప్పటికీ పోశారు.

ఆ తరువాత చెప్పింది రాత్రంతా కూడబలుక్కున్నది కాదు. ఉన్నదున్నట్టు ఇక్కడ రాస్తున్నాను.

"నర్సింగప్పా, నువ్వు స్టీరింగు చూశావు, నేను అబద్ధం చెప్పాను. నీ కాలూ, నీ ఉద్యోగం, నువ్వు నడిచిన దారంతా నా వల్లే. తప్పయింది. బాలమ్మా, నేను నిన్ను ఎప్పుడూ చూడలేదు. నువ్వు ఎవరి నూనే తాగలేదు. నా తప్పు కప్పుకోవడానికి పదహారేళ్ళు ఆ నూనెను నీ నోట పోశాను. నన్ను క్షమించు తల్లీ."